గ్రహణం మొర్రి పరిశోధన: పాప ఉమ్ము శాంపిల్ విదేశానికి పంపుతారట, సంతకం పెట్టాలా?

సాగరతీరం_అమ్మ
మా పాపకి రెండున్నర నెలలు. ఎడమ వైపు పై పెదవి చీలి ఉంది, అంగిలి కూడా తెరుచుకునే ఉంది. పెదవి ఆపరేషన్ వచ్చే నెలలో చేస్తామన్నారు, బరువు ఇంకా సరిపోలేదట. ఇప్పుడు 3.9 కిలోలు. నిన్న ఆసుపత్రికి వెళ్తే వేరే గదిలోకి పిలిచి ఒక ఫారం చేతిలో పెట్టారు. విదేశంలో ఏదో యూనివర్సిటీతో కలిసి గ్రహణం మొర్రి మీద పరిశోధన చేస్తున్నారట. పాపది, నాది, మా ఆయనది ఉమ్ము తీసి అక్కడికి పంపుతారట. ఫారం 9 పేజీలు, మొత్తం ఇంగ్లీషే. "చదువుకున్నవారేగా, చివర సంతకం పెట్టేయండి" అంది అక్కడున్న అమ్మాయి. నేను డిగ్రీ చదివాను. అయినా రెండో పేజీ దాటాక ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానంటే ఫారం బయటికి ఇవ్వం అంది.

ఇంట్లో గొడవ ఇంకోటి. మొన్న సెప్టెంబరు 7 రాత్రి చంద్రగ్రహణం పట్టినప్పుడు నేను కత్తిపీట ముందేసుకుని జామకాయ కోసుకున్నానని, అందుకే ఇలా పుట్టిందని మా అత్తయ్య. కోసుకున్న మాట నిజమే. నాకప్పుడు ఆరో నెల. "కారణం ఇంట్లోనే ఉంటే విదేశాల వాళ్లు వెతికేదేంటి" అంటున్నారు. రోజూ అదే మాట. పాపకి పాలు పడుతూ ఏడుస్తున్నాను.

సంతకం పెట్టాలా? పెట్టకపోతే ఆపరేషన్ ఆపేస్తారా? అసలు ఆ ఉమ్ముతో ఏం చేస్తారు?

గాజువాక_అన్న
పెట్టకమ్మా. ఊరికే ఎవడూ ఏదీ చేయడు. మన పిల్లల శాంపిళ్లు పట్టుకెళ్లి వాళ్లు పేపర్లు రాసుకుంటారు, పేరు తెచ్చుకుంటారు, మనకి ఒక ఉత్తరం కూడా రాదు. ఆపరేషన్ చేయించుకుని వచ్చేయండి.

పెందుర్తి_లక్ష్మి
ముందు ఆపరేషన్‌కీ దీనికీ ముడి పెట్టారేమో అడగండి. సంతకం పెట్టకపోతే వైద్యం ఆపే హక్కు ఎవరికీ లేదు. మా బాబు ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది. ఏ పరిశోధన ఫారమూ మా దాకా రాలేదు.

ఉగ్గుగిన్నె
సంతకం సంగతి తర్వాత చూద్దాం తల్లీ, ముందు ఆ జామకాయ సంగతి తేల్చుదాం. పై పెదవి కడుపులో ఏడో వారానికల్లా అతుక్కోవాలి. అంగిలి పది పన్నెండు వారాలకి మూసుకోవాలి. అంటే చాలామందికి కడుపుతో ఉన్నామని ఖాయం అయ్యేసరికే పెదవి పని అయిపోయి ఉంటుంది. ఆరో నెలలో నువ్వు జామకాయ కోసినా కొబ్బరికాయ కొట్టినా, అప్పటికే తయారైపోయిన పెదవి చీలదు. నీ టిఫా స్కాన్, అదే కడుపులో బిడ్డ అవయవాలన్నీ చూసేది, ఎప్పుడు తీశారు? ఆ రిపోర్టు తీసి తేదీ చూడు.

మా వాడికిప్పుడు ఆరేళ్లు. వాడికీ ఇదే. నన్నూ ఇలాగే అన్నారు. నా విషయంలో గ్రహణం కూడా లేదు, అయినా "ఎప్పుడో పట్టే ఉంటుంది, నువ్వు చూసుకోలేదు" అన్నారు.

పాలు ఎలా పడుతున్నావు? ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి ఉగ్గుగిన్నె అంచు కింది పెదవి మీద ఆనించి, కొంచెం కొంచెం, చెంప వైపుకి వంచు. అంగిలి తెరిచి ఉంటే పిల్లకి చప్పరించే పట్టు దొరకదు, ఎంత ఆకలేసినా లాగలేదు. ముక్కులోంచి పాలు వస్తే భయపడకు, ఆపి తుడిచి మళ్లీ పట్టు. మధ్యలో రెండు మూడు సార్లు భుజానేసుకుని త్రేన్పు తెప్పించు. మా వాడు నెలకి అరకిలో కూడా పెరగనివాడు, ఇలా పట్టాక పుంజుకున్నాడు.

సాగరతీరం_అమ్మ
సీసాతోనే పడుతున్నానక్కా, గంట పడుతోంది. సగం బయటికే. ఇవాళ్టి నుంచి గిన్నెతో చూస్తాను. టిఫా రిపోర్టు మా పుట్టింట్లో ఉంది, తెప్పిస్తాను.

జన్యుపటం
ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ చదివాను, ఇప్పుడు ల్యాబ్‌లో పని. ఉమ్ముతో ఏం చేస్తారో చెప్తాను.

ఉమ్ములో మన కణాలు ఉంటాయి, వాటిలోంచి డీఎన్‌ఏ తీస్తారు. ముగ్గురివీ ఎందుకంటే, తల్లి దగ్గర ప్రతి జన్యువుకీ రెండు ప్రతులు, తండ్రి దగ్గర రెండు. బిడ్డకి చెరొకటి వస్తాయి, మిగతా రెండూ రావు. వచ్చినవాటినీ రానివాటినీ వేల కుటుంబాల్లో పక్కపక్కన పెట్టి చూస్తే, మొర్రి ఉన్న పిల్లలకి పదే పదే వచ్చిన ముక్క ఏదో బయటపడుతుంది. ఒక కుటుంబంలో చూస్తే ఏమీ కనబడదు. ఒక ఆసుపత్రిలో చూసినా కనబడదు. అందుకే దేశాలు కలవాల్సి వస్తుంది.

2009లో జర్మనీ వాళ్లు 8వ క్రోమోజోమ్ మీద మొర్రితో సంబంధమున్న 8క్యూ24 అనే చోటు పట్టుకున్నారు. 2010లో చాలా దేశాల బృందం ఇలాగే తల్లి, తండ్రి, బిడ్డ శాంపిళ్లతో వెతికితే ఆ చోటు యూరప్ మూలాలున్న కుటుంబాల్లో గట్టిగా కనబడింది, ఆసియా కుటుంబాల్లో అంతగా కనబడలేదు. ఆసియా వాళ్లలో ఎంఏఎఫ్‌బీ, ఏబీసీఏ4 అనే జన్యువుల దగ్గర సంకేతం బలంగా వచ్చింది. ఇంకో మాట. ఆ ఆసియా కుటుంబాలు ఎక్కువగా చైనా, తైవాన్, కొరియా, ఫిలిప్పీన్స్ వైపువి. అంటే శ్రీకాకుళం పిల్లకి ఏ చోట వెతకాలో ఆ లెక్కలో లేదు. మనం ఇవ్వకపోతే మన గురించి ఎవరూ కనిపెట్టరు. అందుకే నేను పెట్టమనే అంటాను, కాని ఆ 9 పేజీలు మీకు తెలుగులో చెప్పిన తర్వాతే.

గాజువాక_అన్న
@జన్యుపటం తమ్ముడూ, తెలిస్తే ఏం చేస్తారు? ఆ జన్యువు పేరు చెప్తే పాప పెదవి అతుక్కుంటుందా?

జన్యుపటం
అతుక్కోదన్నా. ఈ పాపకి నేరుగా లాభం ఉండకపోవచ్చు. ఆ మాట ఫారంలో ఉండి తీరాలి, లేకపోతే అదే మొదటి తప్పు.

సింహాచలం_సుజాత
@గాజువాక_అన్న కొందరికి లాభం ఉంటుందండీ, మాకు జరిగింది చెప్తాను. మా ఆయన కింది పెదవి మీద మధ్యలో రెండు చిన్న గుంటలు ఉంటాయి, చిక్కుడు గింజ తీసేసినట్టు. అప్పుడప్పుడు తడిగా మెరుస్తాయి. పెళ్లిచూపుల్లోనే చూశాను, అందంగా ఉన్నాయనుకున్నాను. వాళ్ల నాన్నగారికీ ఉన్నాయి. మా పెద్దబ్బాయి మొర్రితో పుడితే అందరూ నావైపే చూశారు. మాది మేనరికం కూడా కాదు. రెండేళ్ల తర్వాత ఒక డాక్టరమ్మ మా ఆయన్ని వెలుతురు వైపు తిరగమని, పెదవి చూసి "ఇది వాన్ డెర్ వూడ్ సిండ్రోమ్ కావచ్చు" అన్నారు. ఐఆర్‌ఎఫ్6 అనే జన్యువులో తేడా వల్ల వస్తుందట. ఆ సంగతి 2002లో బయటపడిందట. ఒకేలాంటి కవలల్లో ఒకరికి ఉండి, రెండోవారికి లేకపోతే, ఇద్దరి డీఎన్‌ఏ పక్కపక్కన పెట్టి తేడా వెతికి పట్టుకున్నారట. ఎవరో పిల్లలు ఎక్కడో ఉమ్మో రక్తమో ఇచ్చారు కాబట్టేగా మా డాక్టరమ్మకి ఆ సంగతి తెలిసింది. రెండో కాన్పుకి ముందే మాకు చెప్పారు, ఇందులో సగానికి సగం అవకాశం ఉంటుందని. సిద్ధంగా ఉన్నాం. అమ్మాయికి గుంటలు ఒక్కటే వచ్చాయి.

@సాగరతీరం_అమ్మ మీ ఇద్దరి కింది పెదవులూ ఒకసారి అద్దంలో చూసుకోండి.

బీచ్‌రోడ్_బాబాయ్
నా పెదవి ఇప్పుడే చూసుకుని వచ్చాను. 61 ఏళ్లలో మొదటిసారి.

సాగరతీరం_అమ్మ
చూశామండీ, ఇద్దరికీ లేవు. రెండో బిడ్డకి వస్తుందా అన్న భయం మాత్రం ఉంది.

జన్యుపటం
ఇంట్లో ఇంకెవరికీ లేకుండా, వేరే లోపాలేవీ లేకుండా ఒక బిడ్డకి వస్తే, తర్వాతి బిడ్డకి వచ్చే అవకాశం నూటికి 3 నుంచి 5 అని చెప్తారు. అంటే నూటికి 95 మంది మామూలుగానే పుడతారు. కడుపు అనుకున్నప్పటి నుంచే ఫోలిక్ ఆసిడ్ డాక్టర్ చెప్పిన మోతాదులో వేసుకోండి. ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిదని మాత్రం వద్దు. బ్రెజిల్‌లో 4 మిల్లీగ్రాములూ 0.4 మిల్లీగ్రాములూ పోల్చి చూశారు, పెద్ద మోతాదుతో మొర్రి తగ్గినట్టు తేలలేదు. మూర్ఛ మందులు వాడేవాళ్లు మాత్రం ముందే డాక్టర్‌కి చెప్పాలి. వాటిలో కొన్నిటికి దీనితో సంబంధం ఉంది.

రుషికొండ_దంతం
డెంటల్ వైపు నుంచి ఒక మాట. పరిశోధన అంటే జన్యువులే కాదు. ఒకప్పుడు యూరప్‌లో లెక్క తీస్తే మొర్రికి వైద్యం చేసే 201 బృందాలు ఒక వైపు చీలికకి 194 రకాల పద్ధతులు వాడుతున్నాయని తేలింది. ఎవరి గురువు నేర్పింది వాళ్లది. ఏది మంచిదో ఎవరికీ తెలియదు. ఆ సిగ్గులోంచే వాళ్లు కలిసి పనిచేయడం మొదలైంది. డెన్మార్క్, ఫిన్లాండ్, స్వీడన్, నార్వే, బ్రిటన్ కలిసి 10 కేంద్రాల్లో స్కాండ్‌క్లెఫ్ట్ అని, ఆపరేషన్ పద్ధతుల్ని పోల్చి చూసే పరిశోధన నడిపారు. 1997లో మొదలుపెట్టి పిల్లలు అయిదేళ్లవాళ్లు అయ్యేదాకా చూసి 2017లో ఫలితాలు వేశారు. ఇరవై ఏళ్లు.

మన దగ్గర మొర్రి మీద ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ల ఇండిక్లెఫ్ట్ అనే పరిశోధన ఉంది. పాత ఉమ్మడి ఆంధ్రలో వెయ్యి కాన్పులకి 1.09 మందికి మొర్రి అన్న లెక్క కూడా హైదరాబాద్ సర్జన్లు నెదర్లాండ్స్ వాళ్లతో కలిసి 2010లో వేసిందే. అది లేకపోతే మనకి ఎంతమంది పిల్లలున్నారో కూడా చెప్పలేం.

స్పీచ్_టీచరు
@రుషికొండ_దంతం చెప్పినదానికి కొనసాగింపు. నేను మాట నేర్పించే పని చేస్తాను, కాబట్టి నాకు పెదవి కుట్టు కంటే అంగిలే ముఖ్యం. ప, బ, ట, డ, క, గ, స పలకాలంటే నోట్లో గాలి పట్టి ఉంచాలి. అంగిలి సరిగా మూయకపోతే గాలి ముక్కులోకి పోతుంది. మ, న మాత్రం బాగానే వస్తాయి, అవి ఎలాగూ ముక్కుతో పలికేవే. మా దగ్గరికొచ్చే ఒక బాబు చెల్లెల్ని "పాప" అనబోతే "మామ" అని వచ్చేది. వాళ్ల మేనమామకి ఒకటే సంబరం, మేనల్లుడు నన్నే పిలుస్తున్నాడని! నేను ముక్కు కింద చిన్న అద్దం పెట్టి చూపించాను. "పాప" అన్నప్పుడల్లా అద్దం మసకేస్తోంది. ఆ మామగారే తర్వాత ఏడాది పాటు ప్రతి శనివారం బండి మీద తీసుకొచ్చారు.

ఈ అంగిలిని ఎప్పుడు కుట్టాలి అన్నది చాలా ఏళ్ల గొడవ. ముందే కుడితే మాట బాగుంటుంది, పై దవడ ఎదగదని భయం. ఆలస్యం చేస్తే దవడ బాగుంటుంది, మాట పోతుందని భయం. టాప్స్ అని ఒక ట్రయల్ చేశారు. యూరప్‌లోనూ బ్రెజిల్‌లోనూ 23 కేంద్రాలు, 558 మంది పిల్లలు. కొందరికి 6 నెలలకి, కొందరికి 12 నెలలకి ఆపరేషన్. అయిదేళ్లు నిండాక మాట రికార్డు చేసి విన్నారు. అంగిలి సరిగా మూసుకోక గాలి ముక్కులోకి పోవడం 6 నెలల వాళ్లలో నూటికి 8.9 మందికి, 12 నెలల వాళ్లలో 15 మందికి. 2023లో వచ్చింది. నా చేతిలోకి వచ్చే పిల్లలకి ఇది ఎంత పెద్ద విషయమో మాటల్లో చెప్పలేను.

పెందుర్తి_లక్ష్మి
అయితే ఈ పాపకి కూడా ఆరో నెలలోనే అంగిలి కుట్టించమని అడగాలా?

మత్తు_డాక్టరు
తొందరపడొద్దు. టాప్స్‌లో తీసుకున్నది అంగిలి మాత్రమే చీలిన, మిగతా ఆరోగ్యం బాగున్న పిల్లల్ని. ఈ పాపకి పెదవీ ఉంది. పైగా ఆరు నెలల పసిబిడ్డకి మత్తు ఇవ్వాలంటే చేయి తిరిగిన మత్తు డాక్టర్, తర్వాత రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సులు కావాలి. అవి ఉన్న చోట వచ్చిన ఫలితం అది. పెదవికి పాత లెక్క పదులది: పది వారాలు, పది పౌండ్లు, హిమోగ్లోబిన్ పది. పది పౌండ్లంటే 4.5 కిలోలు. పాపకి ఇంకా అరకిలో పైనే కావాలి. ఉగ్గుగిన్నె అక్క చెప్పినట్టు పాలు పట్టండి, ఇప్పటికి అదే అసలు వైద్యం.

స్పీచ్_టీచరు
ఒప్పుకుంటాను సర్. ఆ ఫలితం మన ఆసుపత్రుల్లో కూడా వస్తుందా అని చూడాలంటే మన పిల్లలతోనే చూడాలి. నా గొడవ కూడా అదే.

పాతపోస్టాఫీస్_వకీలు
పరిశోధన గొప్పతనం చెప్పేవాళ్లు ఇంతమంది ఉన్నారు కాబట్టి ఇంకో వైపు నేను చెప్తాను. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా, అదే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా, ప్రాజెక్టు గుర్తుందా? అది కూడా అంతర్జాతీయ భాగస్వామ్యమే. గిరిజన హాస్టళ్లలోని ఆడపిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎవరు పెట్టారు? అప్పటి ఉమ్మడి ఆంధ్రలో చూసిన 9,543 ఫారాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లు పెట్టినవే. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ సంగతి నివేదికలో రాసింది. ఇది మరిచిపోయి "సైన్స్ కోసం" అంటే నేను ఒప్పుకోను.

అలాగని సంతకం పెట్టొద్దని కాదు. ఇలా అడగండమ్మా. విదేశీ భాగస్వామ్యం ఉన్న పరిశోధనకి ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఒక్కటే చాలదు, ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, చూస్తుంది దాన్ని. అది ఉందా అనండి. ఫారం తెలుగులో ఇవ్వాల్సిందే, ఒక ప్రతి మీ దగ్గర ఉండాల్సిందే. ఇంటికి ఇవ్వం అనడం కుదరదు. శాంపిల్ ఈ పనికే వాడతారా, రేపు ఇంకో పనికి కూడానా? మధ్యలో మానుకుంటామంటే తీసేస్తారా? మీ పాపకి సంబంధించింది ఏదైనా తెలిస్తే మీకు చెప్తారా?

గాజువాక_అన్న
ఇదీ మాట. నేను చెప్పాలనుకున్నది వకీలు గారు పద్ధతిగా చెప్పారు.

పాడేరు_మాస్టారు
మూడు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని. మా అబ్బాయిది మొర్రి కాదు, అపెర్ట్ సిండ్రోమ్ అనే పుట్టులోపం. పుర్రె ఎముకలు ముందే అతుక్కుపోయాయి, రెండు చేతుల వేళ్లూ కలిసిపోయి పుట్టాడు. వేళ్లు విడిగా లేని తొడుగు తొడిగినట్టుండేవి ఆ చేతులు. కొండ మీద నుంచి విశాఖ దిగి, అక్కడి నుంచి రైల్లో వెల్లూరు. ఎన్నిసార్లు వెళ్లామో లెక్క పెట్టడం మానేశాం. ఇప్పుడు ఎనిమిదో తరగతి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెన్సిల్ పట్టి బొమ్మలు వేస్తాడు.

ఊళ్లో నా భార్యని అనని మాట లేదు. కడుపుతో ఉండి ఏ చెట్టు కింద నిలబడిందో అన్నారు. వెల్లూరులో ఒక జూనియర్ డాక్టర్ కాగితం మీద గీసి చెప్పాడు. ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 అనే జన్యువులో ఒక్క అక్షరం మారింది. 1996లో ఇలాంటి 57 మంది పిల్లల్లో ఆ మార్పు ఏ వైపు నుంచి వచ్చిందని చూస్తే, 57కి 57 తండ్రి నుంచి వచ్చినవే. తండ్రి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుందట. నాకు పెళ్లి ఆలస్యంగా అయింది. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నా భార్యకి ఈ సంగతి చెప్పాను. పదకొండేళ్లు తను మోసిన మాట అది. తను ఏమీ అనలేదు, నా చేయి పట్టుకుని కూర్చుంది. ఊరికి వచ్చాక మా అమ్మ ముందు, మా అన్నయ్యల ముందు, నా నోటితోనే చెప్పాను, ఇది నా వైపు నుంచి వచ్చిందని.

ఆ 57 కుటుంబాలు ఎవరో నాకు తెలియదు. వాళ్లు రక్తం ఇచ్చినప్పుడు వాళ్లకి ఏం లాభం వచ్చిందో కూడా తెలియదు. మా ఇంటికి మాత్రం వచ్చింది. అందుకే మమ్మల్ని ఎవరు అడిగినా ఇస్తాం.

ఉగ్గుగిన్నె
మాస్టారూ, మీరు రాసినందుకు చాలా సంతోషం. అబ్బాయి బొమ్మ ఒకటి ఇక్కడ పెట్టండి.

గాజువాక_అన్న
మాస్టారు గారూ, నేను మొదట రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫారం విషయంలో నా అనుమానం అలాగే ఉంది, ఇవ్వొద్దన్న మాట మాత్రం వెనక్కి.

సాగరతీరం_అమ్మ
అందరివీ రెండేసి సార్లు చదివాను. మా ఆయనకీ చదివి వినిపించాను.

నిన్న మళ్లీ వెళ్లాం. వకీలు గారు చెప్పినవన్నీ చీటీ మీద రాసుకుని వెళ్లాను. ఈసారి ఆ అమ్మాయి కాదు, పెద్ద డాక్టర్ గారు కూర్చోబెట్టి మాట్లాడారు. తెలుగు ఫారం ఉందట, ప్రింట్లు అయిపోయాయట. తీయించి ఇచ్చారు. 11 పేజీలు, కానీ అర్థమైంది. ఆపరేషన్‌కీ దీనికీ సంబంధం లేదని మొదటి పేజీలోనే ఉంది. పాపకి నేరుగా లాభం ఉండదని కూడా ఉంది. జన్యుపటం గారు గుర్తొచ్చారు. అనుమతి కాగితం చూపించారు. వేరే పనికి వాడాలంటే మళ్లీ అడగాలి అన్న చోట టిక్ పెట్టాను. పాపకి సంబంధించింది తెలిస్తే చెప్తారా అంటే, "అది మా ప్రోటోకాల్‌లో స్పష్టంగా లేదు, కనుక్కుని రాతపూర్వకంగా ఇస్తాను" అన్నారు. ఆ కాగితం వచ్చాక సంతకం పెడతామని చెప్పి వచ్చాం. సరే అన్నారు, ముఖం మాడ్చుకోలేదు.

టిఫా రిపోర్టు కూడా దొరికింది. తేదీ ఆగస్టు 14. "పై పెదవి స్పష్టంగా కనిపించలేదు, మళ్లీ చూడాలి" అని అప్పుడే రాసి ఉంది. మేమెవరం చదవలేదు. గ్రహణం సెప్టెంబరు 7న. క్యాలెండర్, రిపోర్టు రెండూ అత్తయ్య ముందు పెట్టాను. ఆవిడ చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ చూశారు. ఏమీ అనలేదు. సాయంత్రం వంటింట్లోంచి వెండి ఉగ్గుగిన్నె తీసుకొచ్చి, చింతపండుతో తోమి, వేడినీళ్లలో వేసి, "మీ ఆయన దీంతోనే తాగాడు" అని ఇచ్చారు. రాత్రి పాలు ఆవిడే పట్టారు. 25 నిమిషాలు పట్టింది.

ఉగ్గుగిన్నె
బరువు ఎంతుంది ఇప్పుడు?

సాగరతీరం_అమ్మ
4.2.

మత్తు_డాక్టరు
బాగుంది. ఇంకో 300 గ్రాములు. హిమోగ్లోబిన్ పరీక్ష వచ్చే వారం చేయించండి.

పాతపోస్టాఫీస్_వకీలు
ఆ కాగితం వచ్చాక సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఇక్కడ రాయమ్మా. పేర్లు తీసేసి పెట్టు, చదివి చెప్తాను.

పాడేరు_మాస్టారు
@ఉగ్గుగిన్నె బొమ్మ పెట్టమంటే ఏది పెట్టమంటావు అని వాణ్ణే అడిగాను. అరకు రైలు సొరంగంలోంచి బయటికి వస్తున్నది ఇమ్మన్నాడు. రంగులు ఇంకా పూర్తి కాలేదట, ఆదివారం పెడతాను.